బొట్టు తుడిచిన పటం

"తిన్నావా, జోరుభా?"

లాకప్ కమ్మీల అవతల, గోడకు వీపు ఆనించి కూర్చున్న ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఎదురుగా స్టీలు పళ్లెంలో ఖిచిడీ పొర కట్టుకుపోయి ఉంది. తెల్లని మీసాలు, తలకు ఎప్పుడూ ఉండే పాగా లేదు. లాకప్‌లో పాగా ఉంచరు, ఉరేసుకుంటారని. పాగా లేని జోరుభాను పరుశురాం ఎప్పుడూ చూడలేదు. చూపు ఎక్కడ నిలపాలో తెలియక పళ్లెం వైపే చూశాడు.

జోరుభా ఝాలా సౌరాష్ట్ర నుంచి వచ్చిన దర్బారు, అంటే అక్కడి క్షత్రియ కులస్థుడు. సూరత్‌లో ఫోటోగ్రాఫర్ శివకృష్ణ ఇంటికి పిల్లల చిన్నప్పటి నుంచీ తోడున్న మనిషి. ఇప్పుడు శివకృష్ణకు డ్రైవరు, స్టూడియోకు కాపలాదారు, లైట్లు పట్టే మనిషి, అన్నీ ఆయనే. నిన్న మధ్యాహ్నం స్టూడియోలో తల పగిలి పడి ఉన్న శివకృష్ణను చేతుల మీద మోసుకుని ఆసుపత్రికి తెచ్చిందీ ఆయనే. శివకృష్ణ కాసేపు కళ్లు తెరిచి "బాపు" అన్నాడు. తర్వాత పోయాడు. స్టూడియోకు వచ్చిపోయే వాళ్లందరూ జోరుభాను పిలిచేది బాపు అనే. గుజరాత్‌లో దర్బారు పెద్దలను గౌరవంగా అలాగే పిలుస్తారు. సాయంత్రానికల్లా బేడీలు పడ్డాయి. రేపు పొద్దున కోర్టు.

పరుశురాం ఒకప్పుడు బీమా కంపెనీలో క్లెయిముల విచారణ చేసేవాడు. భార్య ప్రమీల పోయాక ఉద్యోగం మానేసి ఇంట్లోనే చిన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. ఈ కేసులోకి అతన్ని లాగింది శివకృష్ణ చెల్లెలు లత. వాళ్లూ అతనిలాగే జగిత్యాల పక్క నుంచి వలస వచ్చినవాళ్లు. తెల్లారుతూనే ఫోన్ చేసి ఒకే మాట అన్నది. "కాకా, నన్ను భుజాల మీద ఎక్కించుకొని స్కూల్‌కి తీసుకపోయిన మనిషి మా అన్నను చంపుతడా?"

కానిస్టేబులు ఒక స్టూలు తెచ్చి వేసి, అడగకుండానే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అంతకంటే పెద్ద దయ ఈ ఠాణాలో ఈరోజు దొరకదని పరుశురాంకు తెలుసు.

"నిన్న పొద్దున ఎవరి ఫోటో తీస్తున్నాడు?"

"తెలియదు భాయ్. సాహెబ్ చెప్పలేదు. పల్సానాలో తెర గుడ్డలకు రంగు వేయించడానికి ఇచ్చాను, పట్రా అన్నారు. వెళ్లాను. అక్కడ మా గుడ్డ ఒక్కటీ లేదు. ఇవ్వనే లేదన్నారు."

"అంటే నిన్ను కావాలనే పంపించాడు."

"నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. మొదటిసారి చెప్పారు." జోరుభా పళ్లెం పక్కకు నెట్టాడు. "తిరిగి వచ్చేసరికి స్టూడియోలోని పాత మగ్గం పక్కన పడి ఉన్నారు. లైటు కూడా పడింది. కుడి వైపు."

"కుడి వైపా?"

"అవును, నాకూ అదే అంతు పట్టలేదు." ముసలాయన కమ్మీల దాకా జరిగి వచ్చాడు. "సాహెబ్ లైటు ఎప్పుడూ ఎడమ పక్కనే. ఎంత పెద్ద స్టార్ వచ్చినా అంతే. లైటు స్టాండు కాలి నుంచి ముడులు వేసిన నూలు దారం లాగి, ముక్కు దాకా కొలిచి, మనిషిని కూర్చోబెడతారు. కుడి పక్కకు మార్చారంటే, మొహం మీద దాచాల్సింది ఏదో ఉన్నట్టు. ముంబై నుంచి ఒక హీరోయిన్ వచ్చింది, కారు ప్రమాదంలో చెంపకు కుట్లు పడ్డ మనిషి. సాహెబ్ ఒక్క మాట అనలేదు. లేచి లైటు ఇటు నుంచి అటు మార్చారు. ఆ పిల్ల ఫోటో చూసుకుని ఎంత ఏడ్చిందో!"

"ఈ సంగతి ఇన్‌స్పెక్టర్‌కు చెప్పావా?"

"లైటు గురించి ఆయన అడగలేదు. నిన్ను అందరూ బాపు అంటారా అని అడిగారు. అంటారన్నాను."

"శివకృష్ణ కూడా అలాగే పిలిచేవాడా?"

జోరుభా మొహంలో మొదటిసారి ఏదో వెలుగు లాంటిది కదిలింది. "లేదు. జోరుభా అనేవారు. ఒకసారి నేనే అడిగాను, ఊరంతా బాపు అంటుంటే మీకేం అడ్డం వచ్చిందని. నవ్వారు. 'ఆ మాట ఒకరికి ఇచ్చేశాను జోరుభా, నా దగ్గర ఇంకోటి లేదు' అన్నారు."

కానిస్టేబులు దగ్గాడు. వరండాలో బూట్ల చప్పుడు.

"తిను," అన్నాడు పరుశురాం లేస్తూ.

"ఆ ఇంటి ఉప్పు తిన్నాను భాయ్. వాళ్ల కొడుకును చంపానన్న పేరుతో ఇంకో ముద్ద దిగదు. బయటికి తెస్తే తింటాను. లేకపోతే వద్దు."

అది బెదిరింపు కాదు. దర్బారు మనిషి మామూలుగా చెప్పిన మాట. అందుకే పరుశురాం అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి బయలుదేరాడు.

*

ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సు హర్షిదాబెన్ చేతులు కడుక్కుంటూనే జవాబిచ్చింది.

"బాపు అనే అన్నాడు. రెండుసార్లు. అందులో అనుమానం లేదు."

"ఇంకేమైనా?"

"తర్వాత తుమ్మినట్టు ఒక చప్పుడు. అచ్ఛిన్ అనో ఏదో. ముక్కులో రక్తం నిండి ఉంది కదా. ఇన్‌స్పెక్టర్ సాహెబ్ ఆ ముక్క వదిలెయ్యమన్నారు."

"అప్పుడు జోరుభా ఎక్కడున్నాడు?"

"మంచం పక్కనే. పేషెంటు ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ప్రాణం పోయాక వేళ్లు నేనే ఒక్కొక్కటీ విడదీశాను." కుళాయి కట్టేసి తిరిగి చూసింది. "చంపినవాడి చెయ్యి అలా పట్టుకుంటారా భాయ్? నేనెప్పుడూ చూడలేదు."

వెళ్తుంటే వెనక నుంచి అన్నది. "చెల్లెలు వచ్చేలోపే ఆయన మొహం శుభ్రంగా కడిగాను. ఆ రక్తం ఆ పిల్ల చూడలేదు. చెప్పండి ఆమెకు, నిద్రపోతున్నట్టే ఉన్నాడని."

పరుశురాం తల ఊపాడు. ప్రమీల పోయిన రోజు కూడా ఎవరో ఒక నర్సు ఆమె జడ అల్లి పెట్టింది. ఆ నర్సు పేరు అతనికి ఇప్పటికీ తెలియదు.

*

ఖటోదరాలో మూతపడ్డ మగ్గాల షెడ్డు శివకృష్ణ స్టూడియో. పెద్ద పెద్ద స్టార్లు విమానం దిగి ఇక్కడికి వచ్చేవాళ్లు. ముంబైకి రమ్మని ఎందరు అడిగినా అతను కదలలేదు. కూలీల గదుల్లో గోడకు దుప్పటి కట్టి, ఊళ్లోని పెళ్లాలకు పంపుకోవడానికి మగ్గం పనివాళ్ల ఫోటోలు తీయడంతో మొదలైన బతుకు అతనిది. తర్వాత చీరల కంపెనీల క్యాటలాగులు. ఒక నటి ఆ క్యాటలాగులో తన ఫోటో చూసుకుని, "ఇందులో నా వయసు దాచలేదు, అయినా నేను బాగున్నాను" అన్నదట. అప్పటి నుంచి వాళ్లందరూ వరస కట్టారు. ఎవరొచ్చినా అతను కూర్చోబెట్టేది పాత మగ్గం బల్ల మీదే. నవ్వమని ఎవరికీ చెప్పడు. నవ్వొద్దని మాత్రం చెప్తాడు.

గుమ్మంలోనే ఇన్‌స్పెక్టర్ నిరవ్ దేశాయి ఎదురయ్యాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో ఫోను మోగుతూనే ఉంది.

"రండి పరుశురాం‌భాయ్. హోటళ్ల దగ్గర కాపు కాసి మొగుళ్లను పట్టుకునే పని ఏమైంది? ఈరోజు సెలవా?"

"మొగుళ్లు కూడా మీలాగే ప్రెస్‌మీట్‌కు తయారవుతున్నారట. అందుకే ఇటు వచ్చాను."

దేశాయి ఫోను నొక్కి జేబులో పెట్టాడు. "అయిదు నిమిషాలు. చెల్లెలి ముఖం చూసి ఇస్తున్నాను. ఏదీ ముట్టుకోవద్దు."

షెడ్డు మధ్యలో బూడిద రంగు తెర, దాని ముందు బల్ల. బల్ల పక్కన, చూడటానికని ఉంచిన పాత ఇనుప మగ్గం. దాని కాలి మొన మీద ఎండిన రక్తం. లైటు స్టాండు కుడి వైపు పడి ఉంది.

"పెనుగులాటలో ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చింది," అన్నాడు దేశాయి, అతని చూపు గమనించి.

"ఇసుక సంచి కూడా పెనుగులాడిందా?"

స్టాండు పడకుండా కాలి మీద బరువుకు పెట్టే ఇసుక సంచి కుడి వైపునే, నేల మీద సర్దినట్టు కూర్చుని ఉంది. ఎడమ వైపు, అది రోజూ ఉండే చోట, నేల మీద దుమ్ము లేని చదరం. ముడుల దారం స్టాండు కాలికి ఇంకా కట్టే ఉంది.

"ఎవరో మొహం చాటు చేసుకోవాల్సిన మనిషి ఈ బల్ల మీద కూర్చున్నాడు సార్. శివకృష్ణే లైటు మార్చాడు."

"కూర్చుంటే ఫోటో ఉండాలి. కెమెరాలో కార్డు లేదు. ఎవరు తీశారు? తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? బాపు దగ్గర."

పరుశురాం మేజా మీది చిన్న కెమెరా వైపు వంగాడు. నొక్కగానే కాగితం ఫోటో బయటికి కక్కే రకం. శివకృష్ణ పద్ధతి ఊరందరికీ తెలిసిందే. మొదటి ఫోటో దీంతో తీసి, కూర్చున్నవాళ్ల చేతికే ఇచ్చేస్తాడు. మొదటి ఫోటో మీది, మిగతావి నావి అంటాడు. తమ మొహం తమ చేతిలోకి వచ్చాక మనుషులకు భయం పోతుందట. కొత్త ఫిల్ము పెట్టగానే ఊడిపడే నల్ల అట్ట చెత్తబుట్టలో ఉంది. కెమెరా వెనక కిటికీలో, మిగిలిన ఫోటోల లెక్క చూపించే అంకె ఒకటి తగ్గి ఉంది.

"కార్డు పోయింది. కానీ ఒక ఫోటో ఆ మనిషి చేతిలో బయటికి వెళ్లింది."

"గాలిలో మేడ కడుతున్నారు. చనిపోతూ మనిషి పేరు చెప్పాడు భాయ్! ఈ స్టూడియోలో బాపు ఒక్కడే."

 పరుశురాం చూపు మేజా పైన గోడ మీద ఆగింది. అక్కడ శివకృష్ణ తండ్రి లింగమూర్తి పటం ఉంది. ఏదో గుంపు ఫోటోలోంచి పెద్దది చేసి కట్టించిన పాత పటం. లింగమూర్తి పల్సానాలో ఒక రంగుల మిల్లులో ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ. పందొమ్మిదేళ్ల కింద, రాత్రి షిఫ్టులో ఆ మిల్లు తగలబడింది. షట్టరుకు బయటి నుంచి తాళం వేసి ఉండటంతో లోపలి వాళ్లు లోపలే కాలిపోయారు. తాళం వేసిందెవరో తేలలేదు. తాళం తీయబోయి లింగమూర్తి కూడా కాలిపోయాడని అందరూ చెప్పుకున్నారు. ఏ ఎముక ఎవరిదో తెలియని బూడిదలో ఒక మూట అతని భార్య బుచ్చవ్వకు ఇచ్చారు. వాళ్ల ఊళ్లో, ఆ మంటల్లో చచ్చినవాళ్ల పేర్లు చెక్కిన రాయి మీద మొదటి పేరు అతనిదే.

పటానికి దండ లేదు. మేకుకు పాత దండ దారం మాత్రం వేలాడుతోంది. అద్దమంతా సన్నటి దుమ్ము. నుదుటి దగ్గర ఒక్కచోట, బొటనవేలంత మేర, అద్దం తళతళలాడుతోంది. దాని అంచున కుంకుమ మరక.

ఎవరో బొట్టు తుడిచారు. పటం తుడవలేదు, బొట్టు ఒక్కటే తుడిచారు.

పోయినవాళ్ల పటానికి బొట్టు పెడతారు. పాతబడితే దాని మీదే కొత్తది పెడతారు. తుడవడం అతను ఏ ఇంట్లోనూ చూడలేదు. ఫోన్ తీసి లతకు కలిపాడు. ఆమె ఆసుపత్రిలో అన్న శవం కోసం ఎదురుచూస్తోంది.

"లతా, స్టూడియోలో మీ నాన్న పటానికి దండ లేదేంటి?"

"బాపు ఫోటోకా?" ఆ పిల్ల గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "రోజు జోరుభా వేస్తడు కద కాకా, తాజా ఫూల్ తెచ్చి. బాపుకు దండ లేకుంట అన్న పని చాలూ చెయ్యడు."

పరుశురాం చెవిలో ఆ మాట రాయిలా పడింది.

బాపు.

అతని ఊళ్లోనూ తండ్రిని బాపు అనే పిలుస్తారు. అతనూ చిన్నప్పుడు అలాగే పిలిచాడు. ముప్ఫై ఏళ్లు సూరత్‌లో ఉండి ఉండి, బాపు అంటే పాగా చుట్టుకున్న దర్బారు అని చెవి నమ్మేసింది. నర్సు తుమ్ము అనుకున్నది తుమ్ము కాదు. అచ్ఛిన్ కాదు. అచ్చిండు. జగిత్యాల పక్క మనిషి నోట, చివరి ఊపిరిలో సగం విరిగిన మాట.

బాపు అచ్చిండు. నాన్న వచ్చాడు.

"కాకా? ఏమైంది?"

"ఏం లేదు బిడ్డా. అమ్మ ఎక్కడ?"

"జోల్వాలనే. అందరం ఫ్లాట్‌కు రమ్మంటే రాదు. సుట్టాలు పోతే అందర్ని ఎల్లగొట్టింది. ఫోన్ గూడ లేదు దగ్గర. దుఃఖంల ఉంది, ఉండనియ్యండి అంటుండ్రు అందరు."

ఫోన్ పెట్టేసి పరుశురాం ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాడు, మాట మాటా విడదీసి. దేశాయి చివరిదాకా విన్నాడు. మూర్ఖుడు కాదతను. విన్నాక పటం వైపు చాలాసేపు చూశాడు కూడా.

"అంటే పందొమ్మిదేళ్ల కింద చచ్చిన మనిషి నిన్న పొద్దున ఇక్కడ ఫోటో దిగాడు."

"చావలేదు. మొహం కాలి ఉంటుంది. అందుకే లైటు మారింది. అందుకే కొడుకు బొట్టు తుడిచాడు."

"సర్కారు కాగితాల్లో చచ్చాడు. మీరు చూపిస్తున్నది ఏంటి? ఒక తుమ్ము. ఒక శుభ్రమైన అద్దం." దేశాయి గొంతు తగ్గించాడు. "నాకు ముంబై నుంచి ఫోన్లు వస్తున్నాయి భాయ్. సాయంత్రం కెమెరాల ముందు కూర్చోవాలి. రేపు కోర్టుకు మీ దెయ్యాన్ని తీసుకురండి, చేతులు జోడించి మరీ బాపును వదిలేస్తాను. లేకపోతే నన్ను నా పని చేసుకోనివ్వండి."

"జోరుభా అన్నం ముట్టడం లేదు."

"ముట్టేలా చేస్తాం."

*

జోల్వాలో ఒక మూతపడ్డ ఖాతా ఉంది. ఖాతా అంటే అక్కడ మగ్గాల షెడ్డు. కొడుకు ఎంత సంపాదించినా బుచ్చవ్వ ఆ షెడ్డు వెనక గది వదల్లేదు. చివరికి శివకృష్ణ ఆ షెడ్డే కొనిచ్చాడు. చుట్టూ ఉన్న ఖాతాల్లో మగ్గాలు హోరుమంటున్నాయి. ఇనుప తలుపు పక్కన, పొరుగు ఖాతావాళ్లు పడేసిన పాలిస్టర్ నూలు వ్యర్థం సంచులు గోడంత ఎత్తున పేర్చి ఉన్నాయి.

లోపల రెండు పాత మగ్గాలు, దుమ్ము, మధ్యలో చిన్న దీపం. బుచ్చవ్వ కొంగు తల మీంచి లాక్కుని నేల మీద కూర్చుంది.

"ఎందుకచ్చినవ్ తమ్మీ? పోరన్ని తెస్తుండ్రా?"

"సాయంత్రం తెస్తరక్కా."

ఆమె పక్కనున్న నీళ్ల చెంబు అతని వైపు జరిపింది. కొడుకు శవం ఇంకా ఇల్లు చేరలేదు, అయినా వచ్చిన మనిషికి మంచినీళ్లు ఇవ్వడం ఆమె చేతులు మర్చిపోలేదు. పరుశురాం రెండు గుక్కలు తాగాడు. చెంబు కింద పెట్టాడు. తల వంచుకుని ఆమె పాదాల వైపు చూశాడు.

కొడుకు చచ్చిన తల్లి కాళ్ల వైపు ఎవరూ చూడరు. ఆమె అదే నమ్ముకుని ఉంటుంది.

రెండో వేళ్లకు వెండి మెట్టెలు. పాతవి. వేళ్లు లావెక్కాక బలవంతాన ఎక్కించినట్టు, వాటి చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు అతనికి తెలుసు. ప్రమీల ఆఖరి రోజుల్లో ఆమె కాళ్లు వాచిపోతే, ఆసుపత్రి మంచం మీద మెట్టెలను పటకారుతో కత్తిరించింది అతనే. జాగ్రత్త, వేలు మిగల్చండి అని నవ్వింది ఆమె.

ఊరు వదిలాక మళ్లీ ఎప్పుడూ వాడని ఆ మాటతోనే అడిగాడు. "అక్కా, ఎప్పుడచ్చిండు?"

బుచ్చవ్వ కొంగు కాళ్ల మీదికి లాక్కుంది. ఆలస్యమైంది. ఇద్దరికీ అది తెలుసు.

"బతుకమ్మ పోయినంక," అన్నది. "మొఖానికి రుమాలు కట్టుకొని అచ్చిండు. సగం మొఖమే లేదు తమ్మీ. గొంతును వట్టి గుర్తువట్టిన. ఇన్నేండ్లు ఏడనో హమాలి పనట. ఎవ్వలకు చెప్పకన్నడు. చెప్పకుంట ఎన్నాళ్లుంట? మొన్న శివునికి చెప్పిన."

"శివుడేమన్నడు?"

"సిన్నపోరని లెక్క ఏడ్సిండు. పటం మీది బొట్టు నా చేతుల్తోటే తుడుస్తనే అమ్మా అన్నడు. ఊరోళ్ల ఫోటోలన్ని తీసిన, నా బాపు ఫోటో ఒక్కటి తియ్యలేదన్నడు. నిన్న రమ్మన్నడు. ఈయన పోయిండు." ఆమె దీపం వైపు చూస్తూ చెప్తోంది. "తీసినంక, నీ ఫోటో పెద్దగ పెడ్త బాపు, అందర్ని పిలిసి నువ్వు సావలేదని చెప్త అన్నడట. ఈయన భయపడ్డడు. కార్డు గుంజుకున్నడు. పోరడు ఇడువలే. తోసిండు. గంతే. కావాలని కాదు తమ్మీ, నా మీద ఒట్టు."

"పడ్డంక దవాఖానకు తీసుకపోవచ్చు కదక్కా."

ఆమె దీపం వత్తి సర్దింది.

"జోరుభాను లాకప్‌ల ఏసిండ్రు."

వత్తి మీద వేలు ఆగిపోయింది. "ఎవల్ని?"

"జోరుభానే. శివుడు పొయ్యేటప్పుడు బాపు అన్నడట. వాళ్లు ఈ బాపు అనుకున్నరు. రేపు కోర్టుకు తీసుకపోతరు. నిన్నటి సంది మెతుకు ముట్టలే. ముట్టడు గూడ."

"ఓ నా దేవుడో!" బుచ్చవ్వ అరచేత్తో నుదురు కొట్టుకుంది. "నా పోరలు జరమొచ్చి పండితె రాత్రంత కూసున్న మనిషి... నాకెవ్వలు చెప్పలే తమ్మీ, నాకెవ్వలు..."

ఎల్లగొట్టినవాళ్లు ఎలా చెబుతారు? ఆ మాట అతను పైకి అనలేదు.

ఆమె నడుము దగ్గరి సంచిలోంచి ఒక చిన్న కాగితం ఫోటో తీసింది. దీపం దగ్గర పట్టుకుంది. పరుశురాం ముందుకు వంగాడు. తెల్లని అంచుల మధ్య ఒక ముసలివాడు. కాలిన సగం మొహం చీకట్లో పూర్తిగా కలిసిపోయింది. మిగిలిన సగం మీద మెత్తటి వెలుగు, తడిసిన ఒక కన్ను, కొడుకును చూస్తున్న కన్ను. పందొమ్మిదేళ్లుగా లేని మొహాన్ని కొడుకు అతనికి తిరిగి ఇచ్చాడు.

"ఇది నాకియ్యి అక్కా. జోరుభా ఇంటికొస్తడు."

ఆమె ఫోటో అతని వైపు చాచింది.

మగ్గం వెనక నుంచి వచ్చిన చెయ్యి దాన్ని మధ్యలోనే లాక్కుంది. రుమాలు కట్టుకున్న బక్క మనిషి.  రుమాలు పైన కనిపించే కన్ను ఫోటోలోని కన్నే, కానీ దానిలో ఇప్పుడు వెలుగు లేదు.

"లింగమూర్తన్నా, ఆగు!"

ఆగలేదు. పరుశురాం లేచేలోపే ఇనుప తలుపు దడేల్‌మని మూసుకుంది. బయట గొళ్లెం పడింది. దాని వెనకే తాళం నొక్కిన చప్పుడు.

అతను కిటికీ కమ్మీలకు అతుక్కున్నాడు. లింగమూర్తి అగ్గిపుల్ల గీసి ఫోటో అంచుకు పెట్టాడు.  ఫోటోలో వెలుగు పడ్డ సగం మొహమే ముందు ముడుచుకుపోయింది. వేళ్లు కాలేసరికి విసిరేశాడు. ఎక్కడ పడుతోందో చూడలేదు. వెనక్కి తిరగకుండా సందులోకి నడిచిపోయాడు.

అది సంచుల మీద పడింది. పాలిస్టర్ నూలు ఉస్సుమని అంటుకుంది. నల్లటి పొగ తలుపు పొడుగునా లేచింది.

పరుశురాం అరిచాడు. చుట్టూ ఖాతాల్లో మగ్గాల హోరు. తన అరుపు తనకే సరిగ్గా వినపడలేదు. దేశాయికి ఫోన్ కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. లతకు కలిపి, "జోల్వా ఖాతాకు మనుషుల్ని పంపు, తలుపుకు తాళం, మంట" అన్నాడు. ఆ పిల్ల విన్నదో లేదో తెలియకముందే దగ్గు వచ్చి మాట తెగింది. మగ్గం నుంచి ఇనుప కడ్డీ ఒకటి ఊడబెరికి తలుపు సందులో దూర్చాడు.

"తాళమేసి పోవుడు ఆయనకు అలవాటే తమ్మీ," అన్నది వెనక నుంచి బుచ్చవ్వ, చాలా మామూలుగా. "మిల్లు కాలిన దినం గూడ గట్లనే పోయిండు. సార తాగుదామని. అచ్చేసరికి మంట. తియ్యవోయి మొఖం కాల్చుకున్నడు, ఉరికిండు. మొన్న నా కాళ్లు పట్టుకొని చెప్పిండు."

పరుశురాం చేతిలో కడ్డీ ఆగింది. ఊళ్లో ఆ రాయి మీద మొదటి పేరు లింగమూర్తిదే.

ఆమె వంగి కూర్చుంది. ఎడమ కాలి మెట్టె పట్టుకుని లాగింది. రాలేదు. పళ్లు బిగబట్టి మళ్లీ లాగింది. చర్మం చీరుకుని వచ్చేసింది. తర్వాత కుడి కాలిది. రెండింటినీ కొంగుతో తుడిచి, పొగలో తడుముకుంటూ వచ్చి, కడ్డీ పట్టుకున్న అతని చెయ్యి విప్పి, అరచేతిలో పెట్టి మూసింది.

"ఆ ఇన్‌స్పెక్టర్‌కు ఇవి సూపెట్టు. మొగడు బతికుంటెనే ఆడిది మట్టెలు పెట్టుకుంటదని చెప్పు. నేను చెప్పిన్నని చెప్పు. జోరుభాను అన్నం తినమను."

"నువ్వే చెప్తవక్కా. ఇటు రా, నెట్టు!"

బుచ్చవ్వ ఒకసారి దీపం వైపు చూసింది. తలుపు కింది నుంచి పాకుతున్న పొగలో దాని మంట పక్కకు ఒరిగి, సన్నబడి, ఆరిపోయింది. చీకట్లో ఆమె రెండు చేతులూ వచ్చి, అతని చేతుల పక్కనే కడ్డీని పట్టుకున్నాయి.